బుధవారం తేదీ వేసిన గురువారం పాఠం

2011 వేసవి. తార్నాక చౌరస్తాలో బస్సు ఎప్పుడు ఆగుతుందో, ఎప్పుడు దాని అద్దం పగులుతుందో తెలియని రోజులు. ఉదయం వారాసిగూడలో ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు సంచిలో భోజనం డబ్బాతో పాటు తడిపిన రుమాలు ఒకటి పెట్టుకునేవాణ్ణి. బాష్పవాయువు ఏ గేటు వైపు నుంచి వస్తుందో చెప్పలేం కదా. విశ్వవిద్యాలయం ఆవరణలోని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో నేను టీచింగ్ ఎయిడ్స్ ఇన్‌స్ట్రక్టర్‌ని. పాఠానికి పనికొచ్చే బొమ్మలు, నమూనాలు, చార్టులు చేయడం నేర్పేవాణ్ణన్నమాట. అట్టముక్కలు, సైకిల్ ట్యూబులు, తాగి పారేసిన నీళ్ళ సీసాలు నా ముడిసరుకు.

నేను ఏ కాలేజీలోనూ చదవలేదు. ఈ మాట చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. విన్నవాళ్ళ ముఖంలో కనిపించే జాలి చూస్తే మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. 1969లో, తెలంగాణ కావాలని పిల్లలు మొదటిసారి రోడ్డెక్కిన ఏడాది, నేను బడి చివరి తరగతిలో ఉన్నాను. బడులు మూతపడ్డాయి, పరీక్షలు పోయాయి. మళ్ళీ తెరిచేసరికి మా నాన్న నన్ను చిలకలగూడలో ఒక బైండింగు దుకాణంలో పెట్టేశాడు. ఆ తర్వాత నా చదువంతా బైండింగుకు వచ్చిన పుస్తకాల్లోనే సాగింది. కుట్టు వేసే ముందు ఒకసారి, వేశాక ఒకసారి చదివేవాణ్ణి. అటెండరుగా ఇదే కళాశాలలో చేరి, ప్రైవేటుగా ఫీజులు కట్టి ఒక్కొక్క పరీక్షే రాసుకుంటూ, గుమ్మం పక్కన స్టూలు మీది నుంచి లోపలి కుర్చీలోకి రావడానికి నాకు ఇరవై రెండేళ్ళు పట్టింది. లోపలికి వచ్చాక ఒక్కదాని మీద మాత్రం యుద్ధం ప్రకటించాను. దొంగ సంతకాల మీద.

దాని సంగతి కొంచెం చెప్పాలి. బి.ఎడ్. చదివేవాళ్ళను ఛాత్రోపాధ్యాయులంటారు. వాళ్ళు కొన్ని వారాలు ఏదో ఒక బడిలో నిజమైన పిల్లలకు నిజమైన పాఠాలు చెప్పాలి. అదే టీచింగ్ ప్రాక్టీస్. మేము వెనక బెంచీలో కూర్చుని పాఠం చూసి, అబ్జర్వేషన్ బుక్కులో మంచీ చెడూ రాసి సంతకం పెట్టాలి. రూలు ఇది. జరిగేది వేరు. చివరి రోజున ఛాత్రోపాధ్యాయులు నలభై రికార్డులు మోసుకొస్తారు, మావాళ్ళు ఫ్యాను కింద కూర్చుని ఒకే పెన్నుతో నలభై సంతకాలు గీకేస్తారు. నేను అలా చేయనని అందరి ముందూ అనేవాణ్ణి. పాఠం చెప్పిన రోజున టైము వేయని రికార్డును ఛాత్రోపాధ్యాయుల ముఖాన కొట్టిన సందర్భాలూ ఉన్నాయి.

ఆ ఏడాది మారిషస్ నుంచి మా కళాశాలకు ఒక ఉత్తరం వచ్చింది. అక్కడ మన తెలుగువాళ్ళ సంతతి చాలా ఉంది. కానీ పిల్లలు ఇంట్లో, వీధిలో మాట్లాడేది క్రియోల్, బడిలో చదివేది ఇంగ్లీషు, ఫ్రెంచి. ఎనిమిది మంది ఛాత్రోపాధ్యాయులను నెల రోజులు పంపితే తమ బడుల్లో పాఠాలు చెప్పిస్తామని, వ్యర్థాలతో నమూనాలు చేసే మనిషి ఒకరు తోడుగా వస్తే మేలని రాశారు. నాయకురాలిగా సుజాత మేడమ్, ఆ తోడు మనిషిగా నేను. "విదేశానికి అట్టముక్కలు కత్తిరించేవాడా?" అని ఒక ప్రొఫెసరు నా వెనకాల అన్నాడు. అతని అబ్బాయి పెళ్ళికి శుభలేఖల అట్టలు కత్తిరించింది కూడా నేనేనన్న సంగతి అతనికి అప్పుడు గుర్తు రాలేదు.

సుజాత మేడమ్‌ది గుంటూరు వైపు. తార్నాకలో ఫ్లాటు, ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉద్యోగం. ఎనిమిది మందిలో సగం అటువాళ్ళు, సగం ఇటువాళ్ళు. సాయంత్రాలు మా వర్క్‌షాపు గదిలో శిక్షణ ఇచ్చేవాళ్ళం. పరాయి దేశపు పిల్లాణ్ణి ఒరేయ్ అనకూడదు, చెవి పట్టుకోకూడదు, మతం అడగకూడదు, అర్థం కానప్పుడు అర్థమైనట్టు తల ఊపకూడదు. అన్నీ శ్రద్ధగా రాసుకునేవాళ్ళు. కూర్చోవడం మాత్రం కిటికీ వైపు నలుగురు, గోడ వైపు నలుగురు. సముద్రం దాటి వెళ్ళి కొత్త మనుషులతో కలిసిపోవడం నేర్చుకుంటున్న వాళ్ళకు మధ్యలో ఉన్న మూడడుగుల ఖాళీ కనిపించేది కాదు. నాకు కోపం వచ్చేది. ఒకరోజు ఆ ఖాళీలో ఒక స్టూలు వేసుకుని నేనే కూర్చున్నాను. ఎవరూ నవ్వలేదు.

ఇటు నలుగురిలో ఒకడు మల్లేశ్. నల్గొండ వైపు పల్లె. తండ్రి గొర్రెల మంద వెంట తిరిగేవాడు. పిల్లలకు పాఠం చెప్పడంలో అంత సహజమైన నేర్పున్నవాణ్ణి నా సర్వీసులో నలుగురైదుగురిని మించి చూడలేదు. మే నెల మధ్యలో వాడు రెండు రోజులు శిక్షణకు రాలేదు. మూడో రోజు హాస్టలుకు వెళ్ళాను. గదిలో చాప మీద ఇంకో కుర్రవాడు పడుకుని ఉన్నాడు. నన్ను చూసి లేచి, చొక్కా తొడుక్కుంటూ బయటికి పోయాడు.

"ఏందయ్యా మల్లేశ్, ఇమానం ఎక్కకముందే మారిషస్ పోయినవా?"

"నేను వస్తలేను సార్. నా జాగల ఇంకొకర్ని తీస్కపోండ్రి."

"ఎందుకు?"

"పాస్‌పోర్టు రాదు సార్. ఎంక్వయిరీకి వచ్చిన కానిస్టేబుల్ చెప్పిండు. నా మీద కేసున్నదంట."

ఏం కేసని అడిగితే నోరు విప్పడు. బతిమాలాను, తిట్టాను, చివరికి బయట చాయ్ బండి దగ్గరికి లాక్కుపోయాను. అప్పుడు చెప్పాడు. ఫిబ్రవరిలో ఒక గురువారం క్యాంపస్ గేటు దగ్గర పిల్లలు రోడ్డు మీద కూర్చున్నారు. పోలీసులు కొందరిని వ్యానెక్కించారు. అందులో, ఇందాక చాప మీద పడుకున్న రాజు కూడా ఉన్నాడు. రాజుకు హాస్టల్లో సీటు లేదు. అలాంటి వాళ్ళు ఆ రోజుల్లో ప్రతి గదిలోనూ ఒకరో ఇద్దరో ఉండేవాళ్ళు. పడక స్నేహితుడి గదిలో, తిండి స్నేహితుడి మెస్ కార్డు మీద. ఎవరూ తప్పనుకునేవాళ్ళు కాదు. వంటవాడికీ తెలుసు. ఆ రోజు స్టేషనులో రాజు పేరు చెప్పకుండా "జై తెలంగాణ" అని మాత్రమే అన్నాడట. జేబు వెతికారు. మల్లేశ్ మెస్ కార్డు దొరికింది. ఫోటో మీద ఆరు నెలల సాంబారు. పోలీసులు కార్డు మీది పేరు రాసుకుని, కార్డు తిరిగి ఇచ్చేసి, సాయంత్రానికి అందరినీ వదిలేశారు.

"ఆ రోజు నవ్వుకున్నం సార్. నా పేరు మీద జైలుకు గూడ నువ్వే పోతివి గదరా అని."

"మరి ఆ రాజు పోయి, నేను వీడు కాదు అని చెప్తే ఐపాయె గద?"

"వాడు గ్రూప్స్ రాస్తుండు సార్. కేసు పడితే వాని బతుకు పోతది."

"నీది పోతలేదా? రేపు టీచరు పోస్టుకు అప్లికేషన్ పెట్టినా కేసులున్నయా అని అడుగుతరు. ఇమానం సంగతి ఇడిసిపెట్టు, నువ్వు సర్కారు బడి గడప తొక్కవు!"

చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "నేను చెప్ప సార్. నా కార్డు, నేనే ఇచ్చిన" అన్నాడు.

నలభై రెండేళ్ళ కిందటి సంగతి గుర్తొచ్చింది. అప్పుడు బడి పోయింది నాది. ఎవరి మీద కోప్పడాలో తెలియక ఆ కోపాన్ని ఇన్నేళ్ళు మోశాను. ఈసారి ఇంకొకడి బడి నా కళ్ళ ముందు పోతోంది. ఊరుకోబుద్ధి కాలేదు.

"ఆ గురువారం నువ్వు యాడున్నవు?"

"మల్కాజ్‌గిరి బడిల సార్. టీచింగ్ ప్రాక్టీస్. బస్సులు లేకుంటే పొద్దుగాల లాలాపేట మీదికెళ్ళి నడ్సుకుంట పోయిన. ఏడో తరగతికి శ్వాసక్రియ పాఠం. మీరు చేసిచ్చిన ఊపిరితిత్తుల నమూనా పట్కపోయిన."

ప్రాణం లేచొచ్చింది. బడిలో ఉన్నవాడు రోడ్డు మీద ఎలా ఉంటాడు? రికార్డులున్నాయి కదా!

ప్రిన్సిపాల్ దగ్గరికి వెళితే, "పోలీసు వ్యవహారం, కళాశాలకెందుకండీ, వాడి బదులు వెయిటింగ్ లిస్టులో అమ్మాయిని తీసుకోండి" అన్నాడు. సుజాత మేడమ్ ఆ మాటకు ఒప్పుకోలేదు. "ఎనిమిది మందిని తెస్తానని మారిషస్‌కు రాశాను, ఎనిమిది మందినే తీసుకెళతాను" అని చెప్పి, రికార్డులు తీసుకుని నాతో పాటు స్టేషనుకు బయలుదేరింది. తోవలో మాత్రం ఒక మాట అంది. "నా యాస వింటే వాళ్ళు ఏమనుకుంటారో మాస్టారూ. మీరే మాట్లాడండి."

మా ఫైలు చూసే ఎస్సై ముప్పై ఏళ్ళవాడు, ఇటువాడే. మర్యాదగానే కూర్చోబెట్టాడు. రికార్డుల కట్ట చూసి నవ్వాడు.

"బీఎడ్ రికార్డులా సార్? మా చెల్లె గూడ బీఎడ్డే చేసింది. ఆమె లెసన్ ప్లాన్లు రాసింది నేనే. బొమ్మలు మా తమ్ముడు ఏసిండు. సంతకాలన్నీ ఆఖరి రోజు పెట్టిచ్చుకున్నం."

హాజరు పట్టీ తిప్పాడు. ఫిబ్రవరి నెలంతా బడి హెడ్‌మిస్ట్రెస్ సంతకాలు ఒకే సిరాతో, ఒకే వాలుతో, మెషీను కుట్టులా ఉన్నాయి. దాన్ని పక్కకు పెట్టి అబ్జర్వేషన్ బుక్ తీశాడు. గురువారం పేజీ దగ్గర ఆగి పైకి చదివాడు.

"'నల్లబల్ల పని బాగుంది. తరగతి నియంత్రణలో ఉంది. నమూనాను చక్కగా వినియోగించాడు.' గిది మీ సంతకమే గద సార్? మీరు ఆ రోజు ఆ క్లాసుల కూసొని చూసిండ్రు. గంతే చాలు. ఆ రోజు చూసిన్నని నాకొక్క ముక్క రాసియ్యుండ్రి. ఫైల్ల పెడ్త, మావోళ్ళతోని మాట్లాడ్త, పోరని పేరు తీసేయిస్త."

కాగితం, పెన్ను నా ముందుకు జరిపాడు.

ఇక్కడ నిజం రాయాలి. ఆ గురువారం నేను మల్కాజ్‌గిరి పోలేదు. వారాసిగూడ నుంచి తార్నాక దాకా నడిచాను. చౌరస్తాలో రాళ్ళు, పొగ. తడి రుమాలు ముక్కుకు కట్టుకుని వెనక్కి ఇంటికి వచ్చేశాను. మర్నాడు మల్లేశ్ పుస్తకం తెచ్చి బల్ల మీద పెడితే, వాడు ఎలా చెప్పి ఉంటాడో నాకు తెలుసు కదా అనుకుని ఆ మూడు వాక్యాలు రాశాను. ఒక్కరోజే. ఆ ఒక్కరోజు పేజీ ఇప్పుడు ఎస్సై వేలి కింద ఉంది.

రాస్తే మల్లేశ్ బయటపడతాడు. పైగా మల్లేశ్ అక్కడ ఉన్నమాట నిజం. అబద్ధం అంతా నేను చూశాననడంలోనే ఉంది. బల్ల కింద సుజాత మేడమ్ కాలు నా చెప్పుకు తగిలింది. పెన్ను తీశాను. మళ్ళీ కాగితం మీద పెట్టేశాను.

"చూడలే" అన్నాను.

"ఏంది సార్?"

"నేను ఆ రోజు పోలే. మర్నాడు రాసిన. నాది గూడ దొంగ సంతకమే."

"మంచిగ చెప్పిండ్రు సార్. కానీ ఇప్పుడు నా దగ్గర ఏమున్నది?" అని ఎస్సై పుస్తకం మూసి నా చేతికిచ్చాడు. "వారం టైమిస్త. ఇంకేమన్న దొరికితే తీస్కరండ్రి."

బయటికి రాగానే సుజాత మేడమ్ నా మీద విరుచుకుపడింది. "ఒక్క మాట అంటే అయిపోయేదిగా మాస్టారూ! అబద్ధం కూడా కాదు, వాడు నిజంగానే అక్కడున్నాడు. మీ నిజాయితీ కోసం వాడి జీవితం పెడతారా?"

గేటు బయట వేపచెట్టు నీడలో నిలబడి ఉన్న మల్లేశ్ దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. తిడతాడనుకున్నాను. వాడు పళ్ళు బయటపెట్టి నవ్వాడు.

"టైమెయ్యలేదని నా రికార్డు రెండుసార్లు ముఖాన కొట్టిండ్రు గద సార్ మీరు!"

"కొట్టిన."

"గా రికార్డు ఇప్పుడు ఎవరి ముఖాన కొట్టాలె మరి?"

అంత బాధలోనూ మేడమ్‌కు నవ్వొచ్చింది. నాకు రాలేదు.

"నేను చెప్పంగ మీరు చూడకుంటే ఏమాయె సార్" అన్నాడు మల్లేశ్. "నలభై మంది పోరలు చూసిండ్రు."

"పిల్లల మాట పోలీసులు రాసుకోర్రా" అంటూనే ఆగిపోయాను. బైండింగు పని చేసిన మనిషిని. మాట కంటే ముందు నాకు కాగితం గుర్తొస్తుంది. "మల్లేశ్, పాఠం మొదలుపెట్టంగనే పోరలు నోటుబుక్కుల ఏం రాస్తరు?"

"సి.డబ్ల్యూ. అని రాస్తరు సార్, క్లాస్ వర్క్ అని. దాని పక్కకు తారీఖు."

"అయినంక నువ్వు దిద్దినవా?"

"ఎర్ర పెన్నుతోని. కింద నా సంతకం, తారీఖు. మీరే గద సార్ గట్ల నేర్పింది."

ముగ్గురం అక్కడికక్కడే ఆటో మాట్లాడుకుని మల్కాజ్‌గిరి పోయాం. వేసవి సెలవులు. బడికి తాళం. మల్లేశ్‌కు పిల్లల ఇళ్ళు తెలుసు. రైల్వే స్టేషను వెనక బస్తీలో ఒక్కొక్క గుమ్మమే ఎక్కడం మొదలుపెట్టాం. ఏడో తరగతి అయిపోగానే పుస్తకాలన్నీ పాత కాగితాలు కొనే కబాడీకి పోయాయి. ఒకరింట్లో పల్లీల పొట్లాలయ్యాయి. ఇంకొక ఇంట్లో నోటుబుక్ దొరికింది, కానీ సరిగ్గా మాకు కావలసిన పేజీ చింపి తమ్ముడికి పడవ చేసి ఇచ్చారు. రెండు రోజుల ఎండలో తిరిగితే రెండే రెండు పుస్తకాలు చేతికొచ్చాయి. రెండిట్లోనూ గురువారం తేదీ, ఊపిరితిత్తుల బొమ్మ, ఎర్ర సంతకం ఉన్నాయి. అయినా నా మనసు కుదుటపడలేదు. ఈ రెండూ మొన్ననే రాయించారంటే కాదనడానికి ఏముంది?

మూడో రోజు శిరీష అనే అమ్మాయి ఇంటికి వెళ్ళాం. వాళ్ళమ్మ రాణమ్మ ఆసుపత్రిలో ఆయా. మెదక్ వైపు నుంచి వచ్చిన కుటుంబం. గోడకు చర్చి క్యాలెండరు, దాని కింద చెక్కపెట్టె.

"మా బిడ్డ నోటుబుక్కులా? ఒక్కటి గూడ అమ్మలే సార్" అంది రాణమ్మ పెట్టె మూత తీస్తూ. "నాకు సదువు రాదు. గీ ఎర్ర టిక్కులున్నయి జూడుండ్రి, గివి లెక్కపెట్టుకుంట. టిక్కు పడ్డదంటే మంచిగ రాసినట్టే గద?" సుజాత మేడమ్ వైపు తిరిగింది. "మేడం, మీది ఆంధ్రనా?"

మేడమ్ ముఖం బిగుసుకుంది. "గుంటూరు దగ్గరమ్మా."

"మరి మా సారు కోసం గింత ఎండల తిరుగుతున్నరు?"

"మీ సారు నా స్టూడెంటు."

"గట్లనా. కూసోండ్రి, చాయ్ పెడ్త."

నేను పుస్తకం తిప్పాను. శ్వాసక్రియ పాఠం దొరికింది. తేదీ చూశాను. బుధవారం తేదీ! అంటే మల్లేశ్ పాఠం చెప్పింది బుధవారమా? మాకు దొరికిన రెండు పుస్తకాలనూ ఈ ఒక్కటి అబద్ధం చేసేస్తుందా? కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఆ తేదీ చుట్టూ ఎర్ర సున్నా ఉంది. పక్కన ఎర్ర సిరాతో గురువారం తేదీ, కింద మల్లేశ్ సంతకం.

శిరీష తలుపు చాటు నుంచి మెల్లగా అంది. "నేనే తప్పు రాసిన సార్. నిన్నటి తారీఖు ఏస్తే ఈ పాఠం నువ్వు నిన్ననే నేర్చుకున్నట్టు, మరి ఇయ్యాల బడికి ఎందుకొచ్చినవ్, ఇంటికి పో అన్నడు సారు. అందరు నవ్విండ్రు."

"యాదికొచ్చింది సార్!" అన్నాడు మల్లేశ్.

ఎస్సై మొదట రెండు పుస్తకాలూ చూసి, నేను భయపడ్డ మాటే అన్నాడు. "గివి నిన్న మొన్న రాయించిండ్రంటే ఏం జెప్తరు సార్?" నేను మూడోది తెరిచి ముందు పెట్టాను. ఆయన ఆ ఎర్ర సున్నా మీద వేలు పెట్టి ఆగాడు. మొదటి పేజీలో అంటించిన టైంటేబుల్ తీసి చూశాడు. గురువారం సైన్సు మూడో పీరియడ్. కేసు కాగితంలో గేటు దగ్గర పిల్లలను పట్టుకున్నట్టు రాసిన టైముకు సరిగ్గా అదే పీరియడ్ నడుస్తోంది.

"దొంగ రుజువు తయారుచేసేటోడు తారీఖు కరెక్టుగ రాయిస్తడు సార్" అన్నాడు చివరికి. "తప్పు రాయించి, మళ్ళ ఎర్ర పెన్నుతోని దిద్దడు. గంత తెలివి ఉన్నోడు పోలీసులకు దొరకడు." మల్లేశ్ వైపు తిరిగాడు. "మరి నీ మెస్ కార్డు ఎవని జేబుల ఉండెరా?"

"చెప్ప సార్."

"నేను అడిగిన్నని రాసుకుంట. నువ్వు చెప్పలేదని రాసుకుంట. సరేనా?"

మూడు పుస్తకాలూ ఫైల్లో పెట్టుకుంటానన్నాడు. అక్కడ మాత్రం నేను పేచీ పెట్టాను. "జిరాక్సు తీస్కోండ్రి. శిరీష పుస్తకం నేను ఇయ్య. వాళ్ళమ్మ టిక్కులు లెక్కపెట్టుకుంటది." ఆయన నా ముఖం చూసి, కానిస్టేబుల్‌ను జిరాక్సుకు పంపాడు.

విమానానికి నాలుగు రోజుల ముందు పాస్‌పోర్టు వచ్చింది. చార్జిషీటులో మల్లేశ్ పేరు లేదు. ఆ కవరు వాడు నా బల్ల మీద పెట్టినప్పుడు, పది రోజులుగా భుజాల మీద కూర్చున్నదేదో దిగిపోయినట్టయింది. ఆ మధ్యాహ్నం భోజనం డబ్బాలో ఏముందో గుర్తులేదు కానీ, అంత రుచిగా తిని ఎన్నాళ్ళయిందో అనుకున్నది గుర్తుంది.

ఒక పని మిగిలింది. అబ్జర్వేషన్ బుక్కులో నా మూడు వాక్యాలూ కొట్టేసి, "ఈ పాఠం నేను చూడలేదు" అని రాసి, సంతకం పెట్టి, ప్రిన్సిపాల్‌కు చూపించాను. రెండు రోజుల్లో మెమో వచ్చింది. దొంగ సంతకం పెట్టినందుకు కాదు, అధికారిక రికార్డును దిద్దినందుకు! ఆ మెమోకు లామినేషన్ చేయించి ఇప్పటికీ దాచుకున్నాను. రిటైరయ్యే రోజు నాకు ఇచ్చిన శాలువా ఎటు పోయిందో తెలియదు.

బయలుదేరిన రోజు రాజు వచ్చాడు. మల్లేశ్ పెట్టె భుజాన పెట్టుకుని హాస్టలు నుంచి వ్యాను దాకా మోశాడు. నా ముందు తల ఎత్తలేదు. వ్యాను కదిలే ముందు మల్లేశ్ జేబులోంచి ఏదో తీసి అతని చేతిలో పెట్టాడు. మెస్ కార్డు.

"మళ్ళనా?" అని అరిచాను.

"నెల రోజులు నేనుండ గద సార్" అన్నాడు మల్లేశ్ తాపీగా. "వాడు తినాలె గద."

సుజాత మేడమ్ పడీ పడీ నవ్వింది. కిటికీ వైపు వాళ్ళూ గోడ వైపు వాళ్ళూ కూడా నవ్వారు. వ్యానులో ఎవరు ఎటు కూర్చున్నారో ఆ రోజు చూడాలని నాకు తోచలేదు.

మారిషస్‌లో మల్లేశ్ మొదటి పాఠం ఒక పల్లె బడిలో. చుట్టూ చెరకు తోటలు, దూరంగా నీలం గీతలా సముద్రం. వెనక వరుసలో చిన్నపిల్లల బెంచీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాను. వాడు నల్లబల్ల మీద ముందుగా తేదీ వేశాడు. తర్వాత సీసా, బెలూన్లతో చేసిన నా నమూనా బల్ల మీద పెట్టి, ఏమీ చెప్పకుండా కింది రబ్బరు లాగాడు. లోపల బెలూన్లు ఉబ్బాయి. ముప్పై మంది పిల్లలు క్రియోల్‌లో ఏదో అరిచారు. వాడు తలూపలేదు. "నాకు అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి" అని ఇంగ్లీషులో అడిగాడు. ఒక పాప లేచి, రెండు చేతులూ పక్కటెముకల మీద పెట్టుకుని గాలి పీల్చి చూపించింది. వాడూ అలాగే చేశాడు. తరగతంతా పీల్చింది. నాకు తెలియకుండా నేనూ పీల్చాను.

వృత్తిలో నేర్చుకున్నదేమిటని కొత్తగా చేరినవాళ్ళు అడుగుతుంటారు. ఇంకొకరు ఎలా చేసి ఉంటారో నాకు తెలుసు అనుకుని పెట్టే సంతకం ఉంది చూశారూ, అన్నిటికంటే ప్రమాదం అదే. లంచం తీసుకుని పెట్టేవాడికి తప్పు చేస్తున్నానని తెలుసు. నమ్మకంతో పెట్టేవాడికి అది కూడా తెలియదు. నాకు తెలియడానికి ఒక ఏడో తరగతి అమ్మాయి తప్పు రాయాల్సి వచ్చింది, ఆ తప్పును ఒకడు అదే రోజు, అదే గదిలో దిద్ది ఉండాల్సి వచ్చింది.

గంట కొట్టారు. పిల్లలు బయటికి పరుగెత్తారు. మల్లేశ్ అబ్జర్వేషన్ బుక్కు, పెన్ను తెచ్చి నా ముందు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ముఖం గంభీరంగా పెట్టాడు కానీ కళ్ళు నవ్వుతున్నాయి.

"చూసిండ్రా సార్?"

"చూసిన" అన్నాను. చేతి గడియారం చూసి ముందు టైము వేశాను.